ఒకే గని, రెండు స్వాతంత్ర్యాలు
(స్మారక ధర్మనిధి ఉపన్యాస పాఠం)



ఎవరి స్మరణలో ఈ ఉపన్యాసమో ఆ మాస్టారు ఈ బొగ్గు ఊళ్లలోనే భూగోళం పాఠం చెప్పారు. ఖనిజాల దగ్గరికి వచ్చేసరికి ఉత్పత్తి అంకెలు బట్టీ పట్టించడం మానేసి, "నేల కింద ఉన్నది ఎవరిదిరా?" అని అడిగేవారు. పొలం ఉన్నవాళ్ల పిల్లలు మాదే అనేవారు. కార్మికుల పిల్లలు కంపెనీది అనేవారు. నాలుగు పుస్తకాలు తిరగేసినవాడెవడో లేచి సర్కారుది అనేవాడు. ఆయన ఏ జవాబునూ కొట్టేసేవారు కాదు. ఇవాళ ఆ ప్రశ్ననే ఇంకొంచెం దూరం తీసుకెళ్దామని వచ్చాను. ఖనిజ సంపద ఉన్న ప్రాంతం తన దేశాన్ని వదిలి వెళ్లవచ్చా? వెళితే ఆ సంపద దాని చేతికి వస్తుందా?

ముందే ఒక సందేహం తీర్చాలి. ఈ మాట ఎత్తగానే ఇక్కడ ఎవరికైనా తెలంగాణ గుర్తుకొస్తుంది. అది వేరే కథ. 2014లో జరిగింది రాజ్యాంగం మూడో అధికరణం కింద ఒక రాష్ట్రం రెండు కావడం. సైన్యం, రూపాయి, పాస్‌పోర్టు, సుప్రీంకోర్టు ఏవీ మారలేదు. సింగరేణిలో రాష్ట్రానికి 51, కేంద్రానికి 49 శాతం వాటాల పద్ధతి కూడా అలాగే నిలిచింది. రాష్ట్రం పేరు మాత్రం మారింది. నేను చెప్పబోయేది దేశాన్నే విడిచి వెళ్లేవాళ్ల సంగతి.

అలాంటి ఉద్యమం ఎక్కడ పుట్టినా ముందు ఒక లెక్క పుడుతుంది. మనం రాజధానికి పంపేదెంత, మనకు తిరిగొచ్చేదెంత అని. కెనడాలో ఆల్బర్టా ప్రజలు నలభై ఏళ్లకు పైగా ఈ లెక్క వేస్తున్నారు. కాల్గరీలోనో ఎడ్మంటన్‌లోనో మీ పిల్లలుంటే ఈ గొడవ ఫోన్లో వినే ఉంటారు. అక్కడి చమురు ధరనూ రాబడినీ కేంద్రం తన చేతుల్లోకి తీసుకుంటూ 1980లో ఒక ఇంధన విధానం తెచ్చింది. ఆ గాయం ఇంకా మానలేదు. లెక్క వరకూ వాళ్ల మాటలో నిజం ఉంది. అయితే చమురు ఆల్బర్టాది గానీ సముద్రం ఆల్బర్టాది కాదు. పసిఫిక్ తీరానికి వెళ్లే పైపులైను విస్తరణ ఆగిపోయేలా ఉంటే కెనడా కేంద్ర ప్రభుత్వమే 2018లో 450 కోట్ల కెనడా డాలర్లకు దాన్ని కొని, 2024లో పని పూర్తి చేయించింది. వేర్పాటువాదులు ఈ సంగతి అంతగా ఎత్తరు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఆల్బర్టా అనే రాష్ట్రం ఏర్పడింది 1905లో. ఆ నేల మీది మూలవాసి జాతులు అంతకు ముందే, 1876, 1877, 1899 సంవత్సరాల్లో, బ్రిటిష్ సింహాసనంతో ఒప్పందాలు చేసుకున్నాయి. మా ఒప్పందం మీతో కాదు, మమ్మల్ని వెంటేసుకుని వెళ్లడానికి మీరెవరు అని ఇప్పుడవి కోర్టుల్లో అడుగుతున్నాయి. మాస్టారి ప్రశ్న ఎక్కడికీ పోలేదు.

దారి తనది కానివాడి గతి ఏమిటో దక్షిణ సూడాన్ చూసింది. 2011 జులై 9న అది స్వతంత్రమైనప్పుడు ఉమ్మడి సూడాన్ చమురులో నాలుగింట మూడు వంతులు దాని వాటాకు వచ్చాయి. ఆ చమురు ఎర్ర సముద్రానికి చేరే పైపులైన్లు మాత్రం ఉత్తరాన, పాత యజమాని ఇంట్లో ఉండిపోయాయి. కిరాయి దగ్గర తగాదా ముదిరి 2012 జనవరిలో కొత్త దేశం తన బావులను తానే మూసుకుంది. ఏడాదికి పైగా ఖజానాకు చమురు రాబడి లేదు. 2013 డిసెంబరుకల్లా అంతర్యుద్ధం. మన ఓఎన్‌జీసీ విదేశ్ 2003లో 25 శాతం వాటా కొన్న గ్రేటర్ నైల్ చమురు క్షేత్రాలు ఈ గొడవ నడుమే చిక్కుకున్నాయి.

కటంగా కథ ఇంతకంటే చేదు. కాంగో 1960 జూన్ 30న బెల్జియం నుంచి స్వాతంత్ర్యం పొందింది. పదకొండో రోజున, జులై 11న, కటంగా విడిపోయినట్టు మోయిస్ షోంబే ప్రకటించాడు. రాగి, కోబాల్టు, యురేనియం ఉన్న నేల అది. హిరోషిమా మీద వేసిన బాంబులో వాడిన యురేనియంలో ఎక్కువ భాగం అక్కడి షింకొలోబ్వే గనిదే. ఆ గనులను నడిపింది యూనియన్ మినియేర్ అనే బెల్జియన్ కంపెనీ. కాంగో ప్రభుత్వానికి కట్టాల్సిన పన్నులను అది షోంబేకు కట్టింది. కొత్త దేశానికి జెండా ఉంది, అధ్యక్షుడున్నాడు, బెల్జియన్ అధికారులు తీర్చిదిద్దిన సైన్యం ఉంది, కిరాయి సైనికులు ఉన్నారు. ఒక్క దేశం కూడా గుర్తించలేదు. గనులు దక్షిణ కటంగాలో ఉంటే, ఉత్తర కటంగాలోని లూబా ప్రజలు ఈ వేర్పాటు మాకొద్దన్నారు. వాళ్ల మీదికి సైన్యం వెళ్లింది. కటంగా పేరున విడిపోయిన దేశంలో కటంగా ప్రజల్లోనే చాలామందికి చోటు లేకపోయింది.

1961 జనవరి 17న కాంగో తొలి ప్రధాని పాట్రిస్ లుముంబాను కటంగాకు తెచ్చి చంపారు. అదే ఏడు సెప్టెంబరులో ఈ చిక్కు విప్పడానికి బయల్దేరిన ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి డాగ్ హామర్‌షెల్డ్ ఎన్‌డోలా దగ్గర విమానం కూలి చనిపోయారు. డిసెంబరు 5న కటంగా రాజధాని ఎలిజబెత్‌విల్‌లో, ఐక్యరాజ్యసమితి సేనలో పనిచేస్తున్న మన గూర్ఖా దళం కెప్టెన్ గుర్‌బచన్ సింగ్ సలారియా ప్రాణాలర్పించారు. ఆయనకు మరణానంతరం పరమవీరచక్ర వచ్చింది. కంపెనీ కోసం పుట్టిన ఒక దేశాన్ని ఆపడానికి పంజాబ్‌లో పెరిగిన కుర్రాడు ఆఫ్రికాలో చనిపోవడం గురించి మన పాఠ్యపుస్తకాలు ఇంకొంచెం చెప్పి ఉండాల్సింది. 1963 జనవరిలో కటంగా వేర్పాటు ముగిసింది.

ఇంతవరకూ విన్నవాళ్లకు నా తీర్పు తేలిపోయినట్టే అనిపించవచ్చు. ఖనిజం కోసం విడిపోవడం దురాశ, లేదా కంపెనీల నాటకం, లేదా దారి తెలియని ప్రయాణం అని. బోగన్‌విల్ సంగతి చదవకపోయి ఉంటే నేనూ అక్కడే ఆగేవాణ్ణి.

మన ఇళ్ల గోడల మీద పాకే కాగితాల పూల తీగకు ఏ ఫ్రెంచి నావికుడి పేరు పెట్టారో, 1768లో ఆ తీరం వెంట ప్రయాణించిన ఆయన పేరే ఈ దీవికీ ఉంది. ఇప్పుడది పాపువా న్యూగినీ దేశంలో ఒక స్వయంపాలిత ప్రాంతం. జనాభా మూడు లక్షల పైచిలుకు. పటం తీసి చూస్తే ఆ దీవి సాలమన్ దీవుల వరసలో కనిపిస్తుంది. అక్కడివాళ్ల బంధుత్వాలూ, రూపురేఖలూ ఆ దీవులవే. 1899లో జర్మనీ, బ్రిటన్ పసిఫిక్ దీవులను పంచుకున్నప్పుడు మిగతా సాలమన్ దీవులు బ్రిటన్‌కు పోయి ఇది జర్మనీ వంతుకు మిగిలింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఆస్ట్రేలియా చేతికొచ్చింది. అంటే ఈ దీవిని పాపువా న్యూగినీకి కలిపిన గీత దూరాన ఎవరో గీసుకున్నదే. వలస దేశాల సరిహద్దుల్లో చాలావాటి చరిత్ర ఇంతే కాబట్టి ఇదొక్కటే విడిపోవడానికి కారణం కాజాలదు. అసలు కారణం 1964లో మొదలైంది.

ఆ ఏడు కాన్‌జింక్ రియోటింటో అనే ఆస్ట్రేలియన్ కంపెనీ మనుషులు పాంగునా కొండల్లో రాగి కోసం వెతకడం మొదలుపెట్టారు. దొరికింది మామూలు రాగి కాదు. ప్రపంచంలోనే పెద్ద తెరిచిన గనుల్లో ఒకటి అక్కడ లేచింది. చట్టం ప్రకారం నేల కింది ఖనిజం ప్రభుత్వానిది, అంటే ఆస్ట్రేలియా పరిపాలనది. ఊరివాళ్ల దృష్టిలో నేలంటే పైదీ కిందిదీ కలిపే. పైగా దీవిలో ఎక్కువ చోట్ల భూమి తల్లి వైపు నుంచి కూతుళ్లకు వస్తుంది. కంపెనీవాళ్లూ, అధికారులూ కూర్చుని మాట్లాడింది మగవాళ్లతో. 1966లో ఆస్ట్రేలియా మంత్రి చార్లెస్ బార్న్స్ వచ్చి, ఈ గని పాపువా న్యూగినీ అంతటి మేలు కోసం, మీకు నష్టపరిహారం తప్ప ప్రత్యేకంగా ఏమీ రాదని చెప్పి వెళ్లాడు. బోగన్‌విల్ ప్రతినిధి పాల్ లాపున్ చట్టసభలో పట్టుబట్టి ఒక సవరణ సాధించాడు. రాయల్టీలో 5 శాతం భూమి ఉన్నవాళ్లకు చేరేలా. రాయల్టీయే రాగి విలువలో ఒకటింపావు శాతం. లెక్క మీరే కట్టండి. నూరు రూపాయల రాగి ఓడ ఎక్కితే ఆ కొండ మీద పుట్టినవాళ్లకు ఆరుంపావు పైసలు.

అదీ పోరాడితే వచ్చింది. 1969 ఆగస్టులో ఓడరేవు కోసం రొరొవానా ఊరి తీరభూమిని తీసుకునేందుకు బుల్డోజర్లు వచ్చినప్పుడు ఆడవాళ్లు అడ్డం నిలబడ్డారు. పోలీసులు లాఠీలూ బాష్పవాయువూ ప్రయోగించారు. ఆ ఫొటోలు ఆస్ట్రేలియా పత్రికల్లో పడి పెద్ద రభస అయింది. భూమికిచ్చే డబ్బు పెరిగింది గానీ పని ఆగలేదు. 1972లో గని మొదలైంది.

ఇక్కడ ఆస్ట్రేలియా పక్షం కూడా చెప్పాలి, లేకపోతే కథ ఏకపక్షం అవుతుంది. వాళ్లు పాపువా న్యూగినీని వదిలి వెళ్లడానికి సిద్ధపడుతున్నారు. వదిలిన మర్నాడు ఆ దేశం దేని మీద బతకాలి? కొండకోనల్లో వందల భాషల జనం, రోడ్లు లేవు, పన్ను కట్టగలిగినవాళ్లు లేరు. పాంగునా రాగి ఆ దేశ స్వాతంత్ర్యానికి పెట్టుబడి. నిజంగానే అలా పనిచేసింది కూడా. గని నడిచిన 17 ఏళ్లలో 30 లక్షల టన్నుల రాగి, 306 టన్నుల బంగారం తీశారు. దేశ ఎగుమతుల ఆదాయంలో 40 శాతానికి పైగా అక్కడి నుంచే వచ్చింది. హైలాండ్స్‌లో ఏదో పల్లెకు వచ్చిన బడిలో, ఆసుపత్రిలో పాంగునా వాటా ఉంది. భూమి కింద రాగి ఉండటం ఏ ఊరి ప్రతిభా కాదు. దాని డబ్బు దేశంలో బీదవాళ్లందరికీ పంచాలనడంలో అన్యాయం ఏమీ నాకు కనిపించదు. అందుకే "మా సంపద మాకే" అనే వేర్పాటు నినాదం ఎక్కడ విన్నా నా మనసు ఒప్పుకోదు, అది ఆల్బర్టాలోనైనా సరే.

నది సంగతి వేరు. గని నుంచి వంద కోట్ల టన్నులకు పైగా వ్యర్థం కవెరాంగ్, జాబా నదుల్లోకి పోయింది. మధ్యలో ఎక్కడా కట్ట లేదు, తటాకం లేదు. పిండి చేసిన రాయి నీళ్లతో పాటు పారి లోయలను పూడ్చి, పడమటి తీరంలో సముద్రంలోకి మేటలు వేసింది. చేపలు పోయాయి, తోటలు పోయాయి, ఊళ్లకు ఊళ్లు లేచిపోయాయి. డబ్బు దేశమంతా పంచుకున్నారు. బురదను మాత్రం ఎవరూ పంచుకోలేదు, అది ఆ లోయకే మిగిలింది. వేర్పాటు లెక్కలు వేసేవాళ్లు పట్టించుకోని పద్దు ఇదే. రాబడిని కాగితం మీద పంచవచ్చు. నష్టాన్ని పంచే ఉపాయం ఏ ఆర్థిక సంఘం దగ్గరా లేదు. కాబట్టి రాబడి మీద ఊరివాళ్లకు పూర్తి హక్కు లేకపోవచ్చు గానీ, తవ్వాలా వద్దా అనే చోట మొదటి మాట వాళ్లదే కావాలి. పాంగునాలో ఆ మాట వాళ్లను ఎవరూ అడగనే లేదు.

1975 సెప్టెంబరు 1న, పాపువా న్యూగినీ స్వాతంత్ర్యానికి సరిగ్గా పదిహేను రోజుల ముందు, బోగన్‌విల్ నాయకులు "ఉత్తర సాలమన్ రిపబ్లిక్" ప్రకటించారు. ఫాదర్ జాన్ మోమిస్ ఐక్యరాజ్యసమితి గడప దాకా వెళ్లి వచ్చారు. ఎవరూ తలుపు తీయలేదు. మరుసటి ఏడు రాజీ కుదిరి ప్రాంతీయ ప్రభుత్వం వచ్చింది. అక్కడితో సద్దుమణిగి ఉండేదేమో. కానీ గని ఆగలేదు, నది బాగుపడలేదు, భూయజమానుల ట్రస్టు డబ్బును పెద్దలు కొందరే అనుభవిస్తున్నారని కుర్రకారు మండిపడింది. వాళ్లలో ఇద్దరు బంధువులు, పెర్పెచువా సెరెరో అనే ఆవిడా, గనిలోనే ఉద్యోగం చేసిన ఫ్రాన్సిస్ ఓనా, కొత్త భూయజమానుల సంఘం పెట్టారు. అక్కడి డబ్బులో వెయ్యి కోట్ల కీనాలు నష్టపరిహారం అడిగారు. అంత డబ్బు ఎవరూ ఇవ్వరని వాళ్లకూ తెలుసు. 1988 నవంబరులో గనికి కరెంటు తెచ్చే స్తంభాలు పేలిపోయాయి. 1989 మే 15న గని మూతపడింది. ఇప్పటికీ తెరుచుకోలేదు.

తర్వాతి పదేళ్లు తొందరగా చెబుతాను, ఎందుకంటే యుద్ధాల వర్ణన నాకు చేతకాదు. సైన్యం వచ్చింది, ఊళ్లు తగలబడ్డాయి. 1990లో దీవి చుట్టూ దిగ్బంధం పెట్టారు. మందులు కూడా రానివ్వలేదు. మలేరియాతో, కాన్పుల్లో, గాయాలు ముదిరి పోయినవాళ్ల సంఖ్య తూటాలకు పోయినవాళ్ల కంటే తక్కువ కాదంటారు. మొత్తం మృతులు 20 వేల దాకా అని ఎక్కువగా వినిపించే అంచనా. అంతకు తగ్గించి చెప్పే పరిశోధకులూ ఉన్నారు. దిగ్బంధం లోపలివాళ్లు కొబ్బరినూనెతో బండ్లు నడిపారు. మర్చిపోకూడని ఇంకో సంగతి, ఓనా నడిపిన తిరుగుబాటు సేనకు ఎదురుతిరిగిన బోగన్‌విల్ వాళ్లు కూడా వేల మంది. దీవి దీవితోనే కొట్లాడింది. 1997లో ప్రధాని జూలియస్ చాన్ శాండ్‌లైన్ అనే కిరాయి సైనికుల కంపెనీకి 3 కోట్ల 60 లక్షల అమెరికా డాలర్లకు తిరుగుబాటును అణిచే పని అప్పగించబోతే, ఆయన సొంత సైన్యాధిపతి జెర్రీ సింగిరోక్ అడ్డం తిరిగి వాళ్లను దేశం దాటించాడు. ప్రధాని పక్కకు తప్పుకోవలసి వచ్చింది. అక్కడి నుంచి న్యూజీలాండ్‌లో మాటలు మొదలయ్యాయి. ఆ మాటల దాకా మగవాళ్లను లాక్కొచ్చిన ఘనత చాలావరకు ఆడవాళ్ల సంఘాలది. కాల్పుల విరమణను కాపాడటానికి వచ్చిన విదేశీ పరిశీలకుల దగ్గర తుపాకులు లేవు.

2001 ఆగస్టు 30న కుదిరిన శాంతి ఒప్పందంలో మూడు అంశాలు: స్వయంపాలన, ఆయుధాల అప్పగింత, కొన్నేళ్లు ఆగి ప్రజాభిప్రాయ సేకరణ. ఆ సేకరణ 2019 నవంబరు, డిసెంబరు నెలల్లో జరిగింది. స్వాతంత్ర్యానికి 1,76,928 ఓట్లు, మరింత స్వయంపాలనకు 3,043. చెల్లిన ఓట్లలో 98 శాతం పైన. ఎన్నికల్లో అంత శాతం కనిపిస్తే మనకు రిగ్గింగ్ అనుమానం వస్తుంది. ఇక్కడ ఆ అనుమానానికి తావు లేదు, అంతర్జాతీయ పరిశీలకుల ముందు జరిగింది. అయితే ఒప్పందం ప్రకారం ఈ తీర్పు దానంతటదే అమలు కాదు, రెండు ప్రభుత్వాలూ మాట్లాడుకుని పాపువా న్యూగినీ పార్లమెంటు ఆమోదించాలి. ఆమోదానికి ఎంత మెజారిటీ కావాలన్న దగ్గరే ఏళ్లు గడిచాయి. 2027 సెప్టెంబరు 1ని తమ స్వాతంత్ర్య దినంగా బోగన్‌విల్ నాయకులు చెప్పుకుంటున్నారు.

ఇప్పుడు అసలు ముడి దగ్గరకు వస్తున్నాను. ఆ దేశం దేని మీద బతుకుతుంది? బోగన్‌విల్ బడ్జెట్‌లో సింహభాగం నేటికీ పాపువా న్యూగినీ రాజధాని పోర్ట్ మోర్స్‌బీ నుంచి వచ్చే గ్రాంటే. కోకో, కొబ్బరి, చేపలు, ఏటి ఇసుకలో జనం చేత్తో కడిగే బంగారం సర్కారును నడపలేవు. కాబట్టి అందరి చూపూ మళ్లీ పాంగునా మీద పడింది. అక్కడ ఇంకా 50 లక్షల టన్నులకు పైగా రాగి ఉందని అంచనా. 1972లో ఆ గనిని తవ్వింది పాపువా న్యూగినీ స్వాతంత్ర్యానికి పెట్టుబడిగా. ఇప్పుడు తవ్వాలంటున్నది బోగన్‌విల్ స్వాతంత్ర్యానికి పెట్టుబడిగా. దేశం మారినా ఆ లోయ మీద పడే భారం మారడం లేదు.

2016లో రియోటింటో, గనిని నడిపిన కంపెనీలో తన వాటాను రెండు ప్రభుత్వాలకూ పంచి వెళ్లిపోయింది. శుభ్రం చేసే బాధ్యత మాది కాదు, అప్పటి చట్టాల ప్రకారమే నడిచాం అంది. దాంతో బోగన్‌విల్ ప్రభుత్వానికీ, పాపువా న్యూగినీ ప్రభుత్వానికీ ఆ కంపెనీలో చెరి 36.4 శాతం వాటా ఉన్నట్టయింది. పోర్ట్ మోర్స్‌బీ తన వాటాను కూడా బోగన్‌విల్‌కు వదులుకోవడానికి ఒప్పుకుంది. అంటే ఏ కంపెనీ మీద తిరగబడి ఆ ప్రభుత్వం పుట్టిందో ఆ కంపెనీకి అదే ఇప్పుడు యజమాని. 2024లో నది ఒడ్డు ఊళ్లవాళ్లు వేల మంది కలిసి కంపెనీ మీదా రియోటింటో మీదా దావా వేస్తే, అది మన భవిష్యత్తుకు అడ్డమని విమర్శించింది ఎవరనుకున్నారు? ఒకప్పుడు తిరుగుబాటు సేనలో కమాండరుగా పోరాడి, ఇప్పుడు అధ్యక్షుడైన ఇష్మాయెల్ తొరోమా. ఆయనను నేను తప్పుపట్టడం లేదు. ఆయన కూర్చున్న కుర్చీలో ఎవరు కూర్చున్నా కిటికీలోంచి కనిపించేది ఆ గనే. అదే ఏడాది చివర వచ్చిన నిపుణుల నివేదిక పాత వ్యర్థాల వల్ల ప్రజల నీటికీ, ఇళ్లకూ, ప్రాణాలకూ ఉన్న ముప్పును ఒక్కొక్కటిగా నమోదు చేసింది. రియోటింటో కూడా దాన్ని కాదనలేదు.

బోగన్‌విల్ వాళ్లు ఒక మంచి పని చేశారు. 2015లో సొంత గనుల చట్టం తెచ్చి, ఖనిజం మీద సంప్రదాయ భూయజమానులకు హక్కు ఇచ్చి, తవ్వకం వద్దనే అధికారం కూడా వాళ్ల చేతిలో పెట్టారు. ఆ అధికారం కాగితానికే పరిమితం కాలేదు. 2018 మొదట్లో బోగన్‌విల్ ప్రభుత్వం కంపెనీ అన్వేషణ లైసెన్సును పొడిగించకుండా ఆపింది, భూయజమానుల అంగీకారం లేదన్న కారణంతోనే. ఆ మరుసటి ఏడే అదే ప్రభుత్వం చట్టాన్ని సవరించి, ఒక ఆస్ట్రేలియన్ వ్యాపారి భాగస్వామ్యంలో దీవిలోని ఖాళీ గని భూములన్నీ ఒకే కొత్త సంస్థకు కట్టబెట్టే బిల్లులు తెచ్చింది. సొంత చట్టసభ సంఘమే వాటిని తిరస్కరించమని సిఫారసు చేయడంతో ఆగిపోయాయి. కంచే చేను మేయడానికి పరాయి కంచె కానక్కర్లేదు. 2022లో పాంగునా భూయజమానుల కుటుంబాల నాయకులు తవ్వకానికి సరే అన్నారు. 2024లో లైసెన్సు మరో అయిదేళ్లకు పొడిగించారు. అది వాళ్లిష్టం. వద్దన్నవాళ్లకు సరే అనే హక్కూ ఉంటుంది, దిగువ నది ఒడ్డు ఊళ్లవాళ్లకు కూడా ఆ హక్కు ఉందా అన్నదే నా అనుమానం.

ఇదే హక్కు దేశం విడవకుండా దొరకదా? మన తూర్పు కనుమల్లో దొరికిన సందర్భాలున్నాయి. 1997 జులైలో సమత కేసులో సుప్రీంకోర్టు, అప్పటి ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజనేతరులకూ ప్రైవేటు కంపెనీలకూ గనుల లీజులు చెల్లవంది. విశాఖ ఏజెన్సీలో అనంతగిరి దగ్గర పుట్టిన కేసు అది. 2013లో నియమగిరి బాక్సైటు విషయం గ్రామసభలే తేల్చాలని అదే కోర్టు అంటే, ఒడిశాలో డోంగ్రియా కోందులున్న పన్నెండు గ్రామసభలు కూర్చుని పన్నెండూ వద్దన్నాయి. గని రాలేదు. ఎవరూ కొత్త జెండా కుట్టుకోలేదు. వద్దనే అధికారం ఊరికి ఉన్నచోట వేర్పాటు మాట పుట్టే అవకాశం తగ్గుతుందని నేను నమ్ముతాను. సమత తీర్పును పక్కదారులు పట్టించే ప్రయత్నాలు అప్పటి నుంచీ జరుగుతూనే ఉన్నాయని ఇక్కడ కూర్చున్న ఏజెన్సీ మిత్రులకు నేను చెప్పనక్కర్లేదు.

అయితే బోగన్‌విల్ విడిపోవాలా? విడిపోవాలనే నా అభిప్రాయం. రాగి ఉందని కాదు. తుపాకులు అప్పగిస్తే ఓటు ఇస్తామన్న ఒప్పందం మీద పాపువా న్యూగినీ సంతకం చేసింది, వాళ్లు అప్పగించారు, ఓటు వేశారు. ఆ మాట తప్పితే రేపు ప్రపంచంలో ఎక్కడా ఏ తిరుగుబాటుదారూ ఆయుధం దించడు. మిగతా రాష్ట్రాలూ ఇదే దారి పడతాయని పోర్ట్ మోర్స్‌బీ భయపడుతోంది. భయం అర్థం లేనిది కాదు. కానీ ఇంత నష్టపోయి, ఇన్నేళ్లు ఆగి, ఇలా ఓటు వేసిన రాష్ట్రం అక్కడ ఇంకోటి లేదు.

రెండు షరతులు మాత్రం నా మనసులో ఉన్నాయి. ఒకటి డబ్బుది. గని తెరిచి చూపిస్తేనే మీరు దేశంగా నిలబడగలరని ఎవరూ బోగన్‌విల్‌తో అనకూడదు. 1975 తర్వాత చాలా ఏళ్లు పాపువా న్యూగినీ బడ్జెట్‌ను ఆస్ట్రేలియా సొమ్ము నిలబెట్టింది. అదే మర్యాద ఇప్పుడు బోగన్‌విల్‌కు పాపువా న్యూగినీ, ఆస్ట్రేలియా కలిసి చేయాలి. పాంగునా రాగి ఇప్పటికే ఒకరి స్వాతంత్ర్యానికి ధర చెల్లించింది. రెండోది చట్టానిది. దీవిలో ఇప్పుడు సొంత రాజ్యాంగం రాసుకుంటున్నారు. తవ్వకం వద్దనే అధికారం మామూలు గనుల చట్టంలో ఉంటే దాన్ని తీసేయడానికి ఎంత తేలికగా ప్రయత్నించవచ్చో 2019లో చూశారు. ఆ అధికారాన్ని రాజ్యాంగంలో, మామూలు మెజారిటీ చేతికి అందని చోట పెట్టాలి. గని పైన ఉన్న కుటుంబాలకే కాకుండా జాబా నది సముద్రంలో కలిసే దాకా ఒడ్డున ఉన్న ప్రతి ఊరికీ దాన్ని ఇవ్వాలి.